ఎడమ వెనక టైరు లోపలివైపే అరిగిపోతోంది, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలి ఉండటం) ఇంట్లో సర్దుకోవచ్చా?

రాయగడ_ఏపీ31:

అందరికీ నమస్తే. మాది రాయగడ. బండి 2010 హోండా సివిక్, మాన్యువల్, విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వెనక టైర్లు కొత్తవి వేయించి ఏడాది కూడా కాలేదు, ఎడమది లోపలి అంచు మొత్తం పోయింది. బయట నిలబడి చూస్తే నిన్న మొన్న వేసిన టైరే అనుకుంటారు, కింద పడుకుని లోపలివైపు చెయ్యి పెడితే వేలికి తీగ గుచ్చుకుంటోంది. కుడిది కూడా లోపలివైపే అరుగుతోంది గానీ ఇంత ఘోరంగా లేదు. ముందు టైర్లు రెండూ బాగానే ఉన్నాయి.

ఇంకో సంగతి, నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ కొంచెం ఎడమకి తిరిగి ఉంటుంది. బండి పక్కకి లాగదు, చేతులు వదిలినా దాదాపు నేరుగానే పోతుంది, స్టీరింగ్ మాత్రం వంకర. ఇది వెనక షాక్ అబ్జార్బర్లు మార్చిన తర్వాత మొదలైందని నా అనుమానం, అప్పట్లో రోడ్డు వాలు వల్లేమో అనుకుని వదిలేశాను.

దగ్గర్లో ఒక షాపులో అలైన్‌మెంట్ చేయించాను. ముందు చక్రాలు సర్ది, వెనకవి స్క్రీన్ మీద ఎర్రగా చూపిస్తుంటే అడిగితే, వెనకవాటికి అడ్జస్ట్‌మెంటే ఉండదు సార్, అందరికీ ఇలాగే ఉంటుంది అని డబ్బులు తీసుకుని పంపించేశాడు. ప్రింటు అడిగితే ప్రింటర్ పని చెయ్యట్లేదన్నాడు. దీనికోసం మళ్ళీ విశాఖ దాకా పోవాలంటే ఒక రోజు పోతుంది, పైగా ఈ టైరుతో ఘాట్ దిగాలంటే నాకే టెన్షన్‌గా ఉంది.

ఆన్‌లైన్‌లో వెనక అప్పర్ ఆర్మ్‌లు, అంటే చక్రాన్ని పైనుంచి బండికి పట్టే కడ్డీలు, పొడుగు సర్దుకునేవి, దొరుకుతున్నాయి. అవి తెప్పించి ఇంట్లోనే వేసుకుని క్యాంబర్ సరిచేసుకుంటే పనైపోతుందా? ట్రాలీ జాక్, రెండు స్టాండ్లు, టార్క్ రెంచ్ ఉన్నాయి. చేతిపని అలవాటే, బ్రేక్ ప్యాడ్లూ ఆయిలూ నేనే మార్చుకుంటాను. మామగారి దుకాణం సరుకు అప్పుడప్పుడు బూట్‌లో వేస్తుంటాను, రెండు మూడు బస్తాలు, అదీ చెప్పాలి కదా.

జయపురం_షెడ్డు:

ముందు ఆ టైరు ఊడదీసి స్టెపినీ వెయ్యి తమ్ముడూ, మిగతా కబుర్లు తర్వాత. తీగ బయటపడిన టైరుతో కొరాపుట్ వైపు వెళ్ళినా, పార్వతీపురం వైపు దిగినా మూల్యం నీదే. దాన్ని ముందుకి మార్చి వాడేద్దామన్న ఆలోచన కూడా వద్దు.

ఇక ఆర్మ్‌ల సంగతి. ఇప్పుడే కొనకు. క్యాంబర్ వల్లే అరిగిందని నీకెవరు చెప్పారు? లోపలి అంచు పోయిందంటే క్యాంబరే అని అందరూ అనేస్తారు, నా షెడ్డుకి వచ్చే పదిమందిలో ఎనిమిది మంది అదే మాట అంటారు. క్యాంబర్ ఒక్కటే ఎక్కువైతే టైరు లోపలివైపు నున్నగా, నెమ్మదిగా అరుగుతుంది. ఏడాదిలోపు తీగ దాకా పోయిందంటే టో, అదే పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం, అది కూడా తప్పి ఉంటుంది. చక్రం నడిచే దారికి కొంచెం వంకరగా నిలబడి ఉంటే ప్రతి మీటరుకీ రబ్బరు రోడ్డు మీద పక్కకి ఈడ్చుకుపోతుంది. అలా ఈడ్చుకుపోయేటప్పుడు బరువు ఏ అంచు మీద ఉంటే ఆ అంచు ముందు పోతుంది. పైభాగం లోపలికి వాలి ఉంటుంది కాబట్టి బరువు లోపలి అంచు మీద పడుతుంది. అందుకే చూసినవాడికి క్యాంబర్ తప్పులా కనిపిస్తుంది.

చేత్తోనే తేల్చుకోవచ్చు. అంత అరగని కుడి టైరు మీద అరచెయ్యి పెట్టి లోపల్నుంచి బయటికి ఒకసారి, బయటనుంచి లోపలికి ఒకసారి తోము. రెండువైపులా ఒకేలా నున్నగా జారితే క్యాంబరో గాలి తక్కువో. ఒకవైపు జారి, తిరిగి వచ్చేటప్పుడు బ్లాకుల అంచులు చేతికి గరుగ్గా పట్టుకుంటే అది టో. ఎడమది ఎలాగూ పోయింది కాబట్టి దానిమీద తెలియదు.

మీ సివిక్ వెనక సస్పెన్షన్ విడి విడి చక్రాలది, పైన ఒక ఆర్మ్, కింద ఆర్మ్‌లు, చక్రాన్ని ముందువైపు నుంచి పట్టే ట్రెయిలింగ్ ఆర్మ్. దీనికి కంపెనీవాడు వెనక టో సర్దుకోవడానికి కింది వెనక ఆర్మ్ లోపలి చివర కామ్ బోల్టు ఇచ్చాడు. బోల్టు తలకి గుండ్రటి వాషర్ ఉంటుంది, మధ్యలో కాకుండా ఒక పక్కకి కన్నం, దాన్ని తిప్పితే ఆర్మ్ లోపలికో బయటికో జరుగుతుంది. కాబట్టి అడ్జస్ట్‌మెంట్ లేదన్న షాపువాడి మాట టో విషయంలో తప్పు, క్యాంబర్ విషయంలో నిజం. వెనక క్యాంబర్‌కి కంపెనీ అడ్జస్ట్‌మెంట్ ఏమీ లేదు, అది కావాలంటేనే నువ్వు చూసిన ఆర్మ్‌లు.

ఇంకొకటి, వెనక చక్రాలు కొంచెం లోపలికి వాలి ఉండటం తప్పు కాదు. మలుపులో బండి బయటికి ఒరిగినప్పుడు బయటి చక్రం రోడ్డు మీద చదునుగా నిలబడాలని కావాలనే అలా పెడతారు. ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు చాలా బళ్ళకి మామూలే. దాన్ని సున్నా చేద్దామనుకునేవాళ్ళని చూశాను, సాలూరు ఘాట్ దిగేటప్పుడు వాన పడిందంటే వెనక భాగం జారి చుక్కలు కనబడతాయి.

షాక్‌లు మార్చిన తర్వాత స్టీరింగ్ వంకరైందన్నావు చూడు, నీ పోస్టు మొత్తంలో పనికొచ్చే ముక్క అదే. షాక్‌లు మార్చేటప్పుడు కొందరు కింది ఆర్మ్ దించుతారు. దించడానికి ఎవడైనా ఆ కామ్ బోల్టు విప్పి, గుర్తు పెట్టుకోకుండా ఎలా పడితే అలా బిగించాడేమో చూడు.

బరంపురం_బీటెక్:

అన్న చెప్పింది కరెక్ట్. కానీ కొలవకుండా ఏదీ తేలదు, కొలవడం మాత్రం ఇంట్లో బ్రహ్మాండంగా చేసుకోవచ్చు. నేను నా బండికి చేస్తాను, కావలసింది ఓపిక, అంతే. మెషిన్ ఉన్న షాపులు మనవైపు తక్కువ, ఉన్నచోట దాన్ని నడిపేవాడు సరైనవాడు ఉండడం ఇంకా తక్కువ.

మొదటి గొడవ నేల. వాకిలి చదునుగా ఉందని కంటికి అనిపిస్తుంది గానీ వాననీళ్ళు పోవడానికి ఏదో ఒక పక్కకి వాలు ఉంటుంది. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, అదే నీళ్ళు నింపిన సన్నటి తెల్ల పైపు, దాన్ని రెండు వెనక చక్రాల మధ్య పెట్టి తేడా చూడు. గాలి బుడగలు లేకుండా నింపాలి, లేకపోతే అబద్ధం చెబుతుంది. వెనక చక్రాల మధ్య దూరం సుమారు ఒకటిన్నర మీటరు, అంటే నేల అటూ ఇటూ 26 మి.మీ. తేడా ఉంటే ఒక డిగ్రీ. 5 మి.మీ. అంటే 0.2 డిగ్రీ. పలకలో, ఫ్లెక్స్ ముక్కలో పెట్టి లెవెల్ చేసుకో, లేదా కొలిచి రాసుకుని లెక్కలో తీసెయ్యి.

తర్వాత గాలి నాలుగింటిలో డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత పట్టించు. మామూలుగా నువ్వు ఎంత బరువుతో తిరుగుతావో అంతే ఉంచు, కొలిచే రోజు బూట్‌లో బస్తాలు వద్దు. బండిని ఒక నాలుగు గజాలు ముందుకి, వెనక్కి తోసి, వెనక భాగాన్ని రెండు మూడుసార్లు గట్టిగా కిందకి నొక్కి వదులు. జాక్ మీద లేపి దించిన బండిని అక్కడికక్కడే కొలిస్తే అన్నీ తప్పు, ఎందుకంటే లేపినప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, దించాక టైరు నేలని పట్టుకుని వెనక్కి జరగదు. దొర్లిస్తేనే సర్దుకుంటాయి. తోసే చోటు లేకపోతే ఒక్కో టైరు కింద గ్రీజు రాసిన రెండు ప్లాస్టిక్ షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి దించు, అవి జారి సస్పెన్షన్‌ని కూర్చోనిస్తాయి.

క్యాంబర్‌కి మేస్త్రి తూకం గుండు చాలు. చక్రం పక్కన, రిమ్ముకి తగలకుండా దారం వేలాడదియ్యి. గాలి లేని పూట చూసుకో, గుండుని నీళ్ళ మగ్గులో ముంచితే ఊగడం ఆగిపోతుంది. దారం నుంచి రిమ్ము పై అంచుకి ఎంత, కింద అంచుకి ఎంత, స్టీల్ స్కేలుతో కొలువు. టైరు రబ్బరు దాకా కొలవకు, కింద బరువుకి ఉబ్బి ఉంటుంది. మీది 15 అంగుళాల రిమ్ము, అంచు నుంచి అంచుకి సుమారు 415 మి.మీ. వస్తుంది, అంటే పైకీ కిందకీ ప్రతి 7 మి.మీ. తేడా ఒక డిగ్రీ. పైన దూరం ఎక్కువుంటే చక్రం లోపలికి వాలినట్టు, అదే నెగటివ్ క్యాంబర్.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మన రోడ్ల మీద తిరిగిన రిమ్ము ఏదీ నిక్కచ్చిగా ఉండదు. పై అంచున చాక్‌పీసుతో గీత పెట్టి కొలిచి, ఆ గీత కిందకి వచ్చేదాకా బండిని తోసి మళ్ళీ కొలువు. రెండూ కలిపి సగం చెయ్యి. రిమ్ము వంకర లెక్కలోంచి పోతుంది.

ఫోన్‌లో లెవెల్ యాప్ కూడా వాడొచ్చు, అల్యూమినియం కిటికీ సెక్షన్ ముక్కని రిమ్ము అంచులకి ఆనించి దానిమీద ఫోన్ పెట్టాలి. కాకపోతే కెమెరా ఉబ్బు తగలకుండా చూసుకో. ఒకసారి కొలిచి, ఫోన్‌ని తలకిందులు చేసి మళ్ళీ కొలిచి సగటు తీసుకో. నాకు మాత్రం దారమే నమ్మకం.

టోకి దారం పెట్టె కట్టాలి. బండికన్నా వెడల్పైన రెండు పైపులు, ఒకటి ముందు బంపర్ ముందు, ఒకటి వెనక, స్టాండ్ల మీద హబ్ (చక్రం నడిమధ్య) ఎత్తులో. రెండు పైపుల మీదా దారం కట్టే గీతల మధ్య దూరం ఒక్కటే ఉండాలి. అప్పుడు రెండు పక్కలా పోయే దారాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. ఇక పైపుల్ని జరుపుతూ, ముందు హబ్ మధ్య నుంచి దారానికి ఎడమ ఎంతో కుడి అంతే, వెనక కూడా ఎడమ ఎంతో కుడి అంతే అయ్యేలా చూడు. ముందు కొలతా వెనక కొలతా ఒకటే రావాలని లేదు, ట్రాక్, అదే ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పు, వేరుగా ఉండొచ్చు. తర్వాత వెనక రిమ్ము ముందు అంచు, వెనక అంచు దారానికి ఎంతెంత దూరమో రాయి. ముందు అంచు దారానికి దగ్గరైతే టో అవుట్, దూరమైతే టో ఇన్. మధ్యలో దారానికి కాలు తగిలిందా, మళ్ళీ మొదటికే, కాబట్టి పిల్లల్ని ఆ దరిదాపుల్లోకి రానివ్వకు.

పర్లాకిమిడి_మాస్టారు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మాది స్విఫ్ట్, వెనక కుడి టైరు లోపలివైపు కొంచెం తింటోంది. మా దగ్గర వెల్డింగ్ షాపతను వెనక చక్రాలు రెండింటినీ కలిపే బీమ్‌ని గ్యాస్ పెట్టి వేడిచేసి కొంచెం వంచితే సరిపోతుంది, చాలా బళ్ళకి చేశాను అంటున్నాడు. చేయించవచ్చా? మీరు చెప్పిన కామ్ బోల్టు మా బండికి ఎక్కడ వెతికినా కనబడలేదు.

జయపురం_షెడ్డు:

మాస్టారూ, దండం పెడతాను, ఆ గ్యాస్ బండ దగ్గరికి బండి తీసుకెళ్ళకండి. స్విఫ్ట్‌కి, బాలెనోకి, ఐ20కి వెనక ఉండేది టార్షన్ బీమ్. ఆ బీమ్ ప్రతి గోతికీ మెలితిరిగి మళ్ళీ వెనక్కి రావాలని చేసిన ఉక్కు. దాన్ని ఎర్రగా కాల్చి వంచితే ఆ చోట గుణం పోతుంది, కొన్నాళ్ళకి అక్కడే పగులు వస్తుంది. చాలా బళ్ళకి చేశాను అన్నవాడు ఆ బళ్ళు తర్వాత ఏమయ్యాయో చూసి ఉండడు.

మీ బండికి క్యాంబర్, టో రెండింటికీ వెనక అడ్జస్ట్‌మెంట్ లేదు, అందుకే బోల్టు కనబడలేదు. తప్పింది అంటే ఏదో వంగింది లేదా అరిగింది. ముందు వీల్ బేరింగ్ చూడండి. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందా, తిప్పితే గుర్రుమంటోందా. తర్వాత గోతిలో గట్టిగా పడ్డ జ్ఞాపకం ఉంటే స్టబ్ యాక్సిల్, అదే చక్రం ఎక్కే పొట్టి ఇరుసు, వంగిందేమో చూడాలి. అది బీమ్‌కి బోల్టులతో బిగించే విడి ముక్కైతే అది మార్చుకుంటే చాలు. అన్నీ బాగుండి కొంచెం తేడా మాత్రమే ఉంటే బీమ్‌కీ స్టబ్‌కీ మధ్య పెట్టే ఏటవాలు షిమ్‌లు, అంటే పల్చటి లోహపు ముక్కలు, దొరుకుతాయి, మొత్తం ముఖానికి ఆనేవి. పై రెండు బోల్టులకి వాషర్లు తగిలించి పని కానిచ్చేస్తారు కొందరు, చక్రం నిటారుగా కనబడుతుంది గానీ రెండు ముఖాలూ ఆనవు, బరువంతా బోల్టుల మీద పడుతుంది. అది చేయించుకోవద్దు.

ఆల్టో 800, బొలెరో, స్కార్పియో లాంటివైతే వెనక నిండు యాక్సిల్. వాటికి వెనక చక్రం వాలి కనిపించిందంటే యాక్సిల్ వంగిందనో బేరింగ్ పోయిందనో అర్థం, సర్దడమన్న మాటే లేదు. ఎక్స్‌యూవీ500 వెనక విడి చక్రాలది, అది ఈ తమ్ముడి కేసు లాంటిది.

రాయగడ_ఏపీ31:

అన్నలూ, థాంక్స్. స్టెపినీ వేసేశాను. కుడి టైరు మీద చెయ్యి తోమితే ఒకవైపు జారింది, ఇంకోవైపు గరుగ్గా తగిలింది, స్పష్టంగా తెలుస్తోంది. బండి ఆదివారం పొద్దున్నే కొలిచాను, మా నాన్నగారు దారం పట్టుకున్నారు, ఈ ఇంజినీరింగ్ ఏమిట్రా, మజ్జిగౌరమ్మకి కొబ్బరికాయ కొట్టించకుండా బండి నడిపితే ఇలాగే అవుతుంది అని సణుగుతూనే.

క్యాంబర్, రిమ్ము తిప్పి సగటు తీసినవి: ఎడమ పైన 16 మి.మీ. ఎక్కువ, కుడి పైన 9 మి.మీ. ఎక్కువ. అంటే ఎడమది 2.3 డిగ్రీలు, కుడిది 1.3, రెండూ నెగటివ్. ఇంత తేడా ఉంది కదా, ఎడమ ఆర్మ్ వంగిందేమో? నేల లెవెల్ చూస్తే కుడి చక్రం కింద 8 మి.మీ. పల్లం, మురుగు కాలవ అటే ఉంది మరి. అది సరిచెయ్యకుండానే కొలిచాను, రాసుకుంటే చాలన్నారు కదా.

టో: ఎడమ వెనక రిమ్ము ముందు అంచు దారానికి 4 మి.మీ. దగ్గర, అంటే టో అవుట్. కుడిది ముందు అంచు 1 మి.మీ. దూరం, టో ఇన్. రెండుసార్లు దారం విప్పి కట్టి చూశాను, అదే వచ్చింది.

చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం మీది రేకు) అంచుకి రెండు పక్కలా కొలిస్తే దాదాపు ఒకటే.

బరంపురం_బీటెక్:

భలే కొలిచావు. ఇప్పుడు నేల లెక్క తీద్దాం. కుడివైపు 8 మి.మీ. పల్లం అంటే బండి మొత్తం 0.3 డిగ్రీ కుడికి ఒరిగి నిలబడింది. ఎడమ చక్రం పైభాగం కుడికి, అంటే లోపలికి, 0.3 అదనంగా వాలినట్టు కనబడింది. కుడి చక్రం పైభాగం బయటికి వాలి 0.3 తక్కువ కనబడింది. అసలు కొలత ఎడమ 2.0, కుడి 1.6. ఒక డిగ్రీ తేడా అనుకున్నది 0.4కి దిగిపోయింది. ఫెండర్ ఎత్తులు కూడా ఒకటే అన్నావు కాబట్టి ఎడమ స్ప్రింగ్ కూలిపోలేదు. వంగిన ఆర్మ్ కోసం ఇప్పుడే వెతకక్కర్లేదు.

టో చూడు ఇప్పుడు, కథంతా అక్కడుంది. ఎడమది బయటికి 4, కుడిది లోపలికి 1. రెండు చక్రాలూ ఎడమకే చూస్తున్నాయి! వెనక భాగం ఎప్పుడూ ఎడమకి పోదామని చూస్తుంది, బండి ముక్కు కుడికి తిరుగుతుంది, దాన్ని నేరుగా ఉంచడానికి నువ్వు స్టీరింగ్ ఎడమకి పట్టుకుంటున్నావు. ముందు అలైన్‌మెంట్ వందసార్లు చేయించినా వెనకది ఇలా ఉన్నంతకాలం ఆ వంకర పోదు.

రెండూ కలిపితే మొత్తం 3 మి.మీ. టో అవుట్. బండి నడిచేటప్పుడు రెండు చక్రాలూ ఆ 3ని చెరి సగం పంచుకుంటాయి, అంటే ఒక్కో టైరు 415 మి.మీ.కి 1.5 మి.మీ. వంకరగా పోతోంది. కిలోమీటరుకి దాదాపు మూడున్నర మీటర్లు పక్కకి ఈడ్చినట్టు. రాయగడ నుంచి పార్వతీపురం వెళ్ళి వచ్చేసరికి ఎంతవుతుందో నువ్వే లెక్కేసుకో. ఈడ్చడం రెండు టైర్లకీ సమానమే, కానీ ఎడమదానికి క్యాంబర్ కొంచెం ఎక్కువ కాబట్టి లోపలి అంచు మీద బరువు ఎక్కువ పడి అది ముందు పోయింది. బస్తాలు వేసినప్పుడు వెనక కూర్చుని రెండింటి క్యాంబర్ ఇంకా పెరుగుతుంది, అది వేరే.

వెనకకి సాధారణంగా కొంచెం టో ఇన్ కావాలి. కుడిది ఇప్పుడున్న 1 బాగానే ఉంది, దాన్ని ముట్టుకోకు. ఎడమ కామ్ ఒక్కటే తిప్పి 4 అవుట్ నుంచి 1 ఇన్‌కి తెచ్చావంటే మొత్తం 2 టో ఇన్, చక్రాలు రెండూ బండి మధ్యగీతకి సమానంగా. సర్వీస్ మాన్యువల్‌లో నీ మోడల్‌కి ఇచ్చిన అంకె ఒకసారి సరిచూసుకుని చెయ్యి.

జయపురం_షెడ్డు:

లెక్క బాగుంది బీటెక్ బాబూ. ఇక పని.

తమ్ముడూ, వెనక లేపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ మీద భరోసా పెట్టుకోకు, అది పట్టేది వెనక చక్రాలనే, అవి గాల్లో ఉంటాయి. గేర్‌లో పెట్టి ముందు చక్రాలకి రెండువైపులా కర్ర దిమ్మలు వెయ్యి. స్టాండ్లు లేకుండా జాక్ ఒక్కటే నమ్మి కిందకి దూరకు. ఇటుకలు అసలే వద్దు, నిలబడి నిలబడి ఒక్కసారి పొడైపోతాయి.

ముందు బుష్‌లు చూడు. ఆర్మ్ చివరల్లో రబ్బరు చిరిగిందా, ప్రై బార్‌తో ఒక్క నెట్టు నెడితే ఆర్మ్ ఆడుతోందా. ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు బుష్ కూడా చూడు, బ్రేక్ కొట్టినప్పుడు టో మార్చేది అదే. బుష్ పోయి ఉంటే నువ్వు ఎంత సర్దినా రోడ్డెక్కగానే మళ్ళీ మొదటికొస్తుంది.

తర్వాత కామ్ బోల్టు. రెండు పక్కలా వాషర్ మీద గీతలుంటాయి, ఎడమదీ కుడిదీ ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడు. నా అంచనా ప్రకారం ఎడమది కుడిదానికన్నా బాగా తిరిగి ఉంటుంది. విప్పేముందు తెల్ల పెయింటుతో వాషర్ మీదా బ్రాకెట్ మీదా కలిపి ఒక గీత పెట్టు, ఏం తేడా వచ్చినా మొదటి చోటికి రావచ్చు. తుప్పు వదిలే స్ప్రే ముందురోజు రాత్రే కొట్టి వదిలెయ్. మనవైపు ఎర్రమట్టి, వాన కలిసి బోల్టుని బుష్ లోపలి గొట్టానికి అతికించేస్తాయి. నట్టు వదులైనా బోల్టు తిరగకపోతే బలవంతంగా తిప్పకు, రబ్బరు మెలితిరిగి చిరుగుతుంది. నట్టుని చివరి దాకా తెచ్చి దానిమీద రాగి సుత్తితో కొడుతూ, స్ప్రే కొడుతూ ఓపిగ్గా చెయ్యి. మంట పెట్టకు, రబ్బరు కాలిపోతుంది. అప్పటికీ రాకపోతే బోల్టు కోసి, బుష్‌తో సహా కొత్తది వెయ్యడమే, అది ఇంట్లో చేసే పని కాదు.

వదిలిందనుకో, సర్దేది మాత్రం చక్రాలు నేల మీద ఉన్నప్పుడు, బండి బరువు పడినప్పుడు. గాల్లో ఉండగా సర్దితే దించగానే మారిపోతుంది. సివిక్ కిందకి దూరడం కష్టమే, చెయ్యి మాత్రం అందుతుంది. లేదా నాలుగు చక్రాల కిందా ఒకే మందం గట్టి పలకలు పెట్టి ఎత్తు తెచ్చుకో. బోల్టు కొంచెం కొంచెం తిప్పి, బండి తోసి, మళ్ళీ దారం కొలువు. బిగించేటప్పుడు బోల్టు తల కదలకుండా పట్టుకుని నట్టు మాత్రం తిప్పు, లేకపోతే చివరి బిగింపులో నీ కష్టమంతా జరిగిపోతుంది, అందరికీ జరిగేది ఇదే. ఆ నట్టు సెల్ఫ్ లాకింగ్ రకం, పాతది మళ్ళీ వాడకు, కొత్తది తెచ్చుకుని మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి బిగించు. ఆర్మ్ బోల్టులు ఏవి వదులు చేసినా చివరి బిగింపు బండి బరువు మీదే, లేకపోతే బుష్ మెలితిరిగి బిగుసుకుని త్వరగా పోతుంది.

క్యాంబర్ 2.0, 1.6 ఉండనీ. కొత్త టైర్లు వేసి, టో సరిచేసి, నాలుగైదు వేల కిలోమీటర్లు తిరిగి చూడు. అప్పటికీ లోపలి అంచు ముందు పోతుంటే ఆర్మ్‌ల సంగతి ఆలోచిద్దాం. ఆర్మ్ వేసి క్యాంబర్ మార్చావా, టో కూడా మారిపోతుంది, మళ్ళీ దారం కట్టాల్సిందే. వరస ఎప్పుడూ వెనక క్యాంబర్, వెనక టో, ఆ తర్వాతే ముందు చక్రాలు. ఇప్పుడు కూడా వెనక టో మార్చాక ముందుది సర్దించాలి, ఎందుకంటే షాపువాడు పాత వంకర వెనకదాన్ని చూసి ముందుది పెట్టి ఉంటాడు.

రాయగడ_ఏపీ31:

అన్నా, ఫోటోలు తీసి చూశాను. కుడి కామ్ గీత దాదాపు మధ్యలో ఉంది, ఎడమది ఒక చివరికి పోయి ఉంది. దానిమీద పానా జారిన గీతలు కూడా ఉన్నాయి, కుడిదానికి ఎప్పట్నుంచో పేరుకున్న మట్టి అలాగే ఉంది. షాక్‌లు మార్చినవాడి పనే ఇది. స్ప్రే కొట్టి ఉంచాను, నట్టు కొత్తవి రెండు పార్వతీపురంలో చెప్పాను. బోల్టు కదిలితే నేనే సర్దుతాను, కదలకపోతే బండి జయపురం తెస్తాను, షెడ్డు ఎక్కడో మెసేజ్ పెట్టండి.

జయపురం_షెడ్డు:

పెడతాను. కదిలినా కదలకపోయినా ఆ ఎడమ కామ్ ఫోటో ఇక్కడ పెట్టు, మాస్టారి వెల్డింగ్ షాపతనికి కూడా చూపిద్దాం. బస్తాలు మాత్రం ఆటోలో పంపించవయ్యా.